అవసానకాలమున రోగిపట్ల మనుష్యధర్మము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవమువంటి శుభసమయమున మరణమును గూర్చి ప్రసంగించుట కొందఱికి అమంగళముగా దోపవచ్చును. అయినను గ్రంథాలయము పెండ్లిపందిరి కాదు; అది విచారణకై వెలసిన తావు. ఈ సభలో గూర్చున్నవారిలో ఒక్కరైనను తప్పించుకొనజాలని విషయ మేదైన నున్నచో అది మరణమే. అట్టిదానిని గూర్చి ముందుగా ఆలోచించుకొనని కుటుంబము, ఆ గడియ వచ్చినప్పుడు, పట్టణపు ఆసుపత్రి వరండాలో నిలువబడి, ఎవరో కాగితము చాచి సంతకము చేయుమనగా, అయిదు నిమిషములలో ఆలోచింపవలసి వచ్చుచున్నది. ఆ అయిదు నిమిషముల నిర్ణయమునకు అయిదేండ్లు వడ్డి కట్టుచున్న కుటుంబములు ప్రతి గ్రామమునను గలవు. కావున ఆలోచించుటకు ఆరోగ్యముగా నున్న నాడే మంచి ముహూర్తము.

విచారింపవలసిన ప్రశ్నలు మూడు. కోలుకొనుట అసాధ్యమని తేలిన రోగికి బాధ తగ్గించుటకు ఎంతదూరము పోవచ్చును? ఇది మొదటిది. ప్రయోజనములేని చికిత్సను నిలిపివేయవచ్చునా? ఇది రెండవది. రోగి తానే కోరినచో అతని ప్రాణము పోవుటకు మందిచ్చి తోడ్పడవచ్చునా? ఇది మూడవది. లోకులు ఈ మూటిని ఒకే మూటగట్టి “కారుణ్యమరణము” అను ఒక్క పేరు పెట్టి, అవునని కొందఱు, కాదని కొందఱు వాదులాడుచున్నారు. లెక్క తేలవలెనన్న మొదట పద్దులు విడదీయవలెను గదా! ఈ మూడు పద్దులకును ధర్మము వేఱు, చట్టము వేఱు.

ఈ మూడు ప్రశ్నలకును మహాభారతమున ఒక మహాపురుషుని అంత్యకాలము చక్కని దృష్టాంతముగా నున్నది. భీష్ముడు పదవనాటి యుద్ధమున నేలకొఱిగెను. శరీర మంతయు శరములతో నిండి, అంపశయ్యపై పరుండి, ఉత్తరాయణమునకై వేచియుండెను. దుర్యోధనుడు శల్యములను పెఱికివేయగల వైద్యులను ఉపకరణములతో గూడ తోడ్కొని వచ్చెను. భీష్ముడు వారిని సత్కరించి, తనకు చికిత్స వలదని పంపివైచెను. దీనిని ఆత్మహత్య యని భారతము చెప్పలేదు. ఏ వ్యాఖ్యాతయు దూషింపలేదు. కాలము సమీపించిన వివేకి చికిత్సను తిరస్కరించుట దోషము కాదని దీనివలన తెలియుచున్నది.

అయితే చికిత్స వలదన్న యా పితామహుడే తలకు ఆధారము కావలెనని కోరెను, దాహమునకు నీరడిగెను. రాజులు మెత్తని తలగడలు తెచ్చిరి. ఆయన అవి యొల్లడయ్యెను. అర్జునుడు ఆయన మనసెఱిగి మూడమ్ములతో తలగడ యమర్చెను; భూమిని భేదించి జలధార పైకి రప్పించెను. చికిత్స మానుట యనగా రోగిని విడిచిపెట్టుట కాదు. మందు నిలిచినను సేవ నిలువరాదు. అదియును ఎదుటివాని మనసెఱిగి చేయవలసిన సేవయేగాని, మనకు దోచిన మెత్తని తలగడ తెచ్చిపెట్టుట కాదు.

అంతకంటె ముఖ్యమైన సంగతి శాంతిపర్వమున నున్నది. ధర్మములు బోధింపుమని శ్రీకృష్ణుడు అడుగగా, బాణముల బాధచే అవయవములు క్రుంగినవనియు, బుద్ధి తెలివిగా నుండలేదనియు, మాట సాగుటలేదనియు భీష్ముడు చెప్పెను. అపుడు శ్రీకృష్ణుడు ఆయనకు మంటయు, మూర్ఛయు, నొప్పియు, ఆకలిదప్పులును లేకుండునట్లు వరమిచ్చెను. ఆ పిమ్మటనే శాంత్యనుశాసన పర్వముల ధర్మబోధ సాగినది. తిక్కన సోమయాజి తెనిగించిన భారతమును ఇంటింట చదువుకొన్నవారముగదా! ఆ కథలోని క్రమమును మాత్రము మనము గమనింపలేదు. మొదట బాధ తీరినది. తరువాతనే ధర్మము పలికినది. భీష్మునంతటివానికే నొప్పియున్నంతవఱకు నోట మాట రాలేదన్నచో, సామాన్యుని, “ఓర్చుకో, కర్మఫలము” అనుట యెంత న్యాయము?

ఆయుర్వేదమును ఈ విషయమున ఎఱుకలేనిది కాదు. వ్యాధులు సుఖసాధ్యములు, కష్టసాధ్యములు, యాప్యములు, అసాధ్యములని పెద్దలు విభజించిరి. యాప్యమనగా నయము కాకున్నను పథ్యౌషధములచే నిలుపుకొని రావలసినది. పడబోవు ఇంటికి సరియైన ఆధారస్తంభము పెట్టినట్లు దానికి చికిత్స చేయవలెనని సుశ్రుతమున చెప్పబడినది. ఇల్లు క్రొత్తది కాదు. అయినను లోపలివారు తలదాచుకొందురు. నయముచేయుట యొక్కటే వైద్యము కాదనియు, నిలబెట్టుటయు, నెమ్మది కలిగించుటయు వైద్యమే యనియు దీని తాత్పర్యము.

ఇక మొదటి పద్దు, బాధ తగ్గించుట. కాన్సరువంటి వ్యాధి ముదిరినపుడు వచ్చు నొప్పి తలనొప్పి పంటినొప్పులవంటిది కాదు. ఎముకలలోనికి వ్యాధి ప్రాకినవాడు ప్రక్కకు ఒత్తిగిలుటకైన జంకును. నిద్రలేని రాత్రులు నాలుగు గడచినచో ఎంతటి ధీరుడైనను చావునే కోరును. దీనికి లోకమున ఔషధము లేకపోలేదు. నల్లమందునుండి తీసిన మార్ఫిను 19వ శతాబ్దారంభముననే జర్మనీదేశమున కనుగొనబడినది. 1986లో ప్రపంచ ఆరోగ్యసంస్థ కాన్సరు నొప్పికి మూడు మెట్ల పద్ధతిని ప్రకటించెను. కొద్ది నొప్పికి పారాసిటమాలువంటి సాధారణపు మాత్రలు, మధ్యరకమునకు కోడీనువంటివి, తీవ్రమైన దానికి మార్ఫిను. సాధ్యమైనంతవఱకు నోటిద్వారానే ఈయవలెను. నొప్పి వచ్చి ఏడ్చిన పిమ్మట గాక, గడియారము చూచి వేళకీయవలెను. సాధారణముగా మార్ఫిను మాత్ర నాలుగు గంటల కొకసారి పనిచేయును. మోతాదు రోగి రోగికి వేఱుగా నుండును. దానిని నిర్ణయించుట వైద్యుని పని, ఇరుగుపొరుగువారి పని కాదు.

ఈ మందును గూర్చి మన పల్లెలలో భయములు మూడు గలవు. అలవాటుపడిపోవునని యొకటి. నొప్పికై వైద్యుని పర్యవేక్షణలో పుచ్చుకొను రోగికి వ్యసనము పట్టుట అరుదు. శరీరము మందునకు అలవడుట వేఱు, మనసు వ్యసనమునకు లోబడుట వేఱు. రెండవది, మార్ఫిను ఇచ్చిరన్న ఇక గడియలు లెక్కపెట్టుకొనవలసినదే యని. ఇదియు సరికాదు, నెలల తరబడి మార్ఫిను మాత్రలు వాడుచు ఇంటిలో తిరుగుచు, మనుమలతో మాటలాడుచు నున్నవారు గలరు. మూడవది, ప్రాణము తీయునని. తగిన మోతాదులో క్రమముగా పెంచి ఇచ్చినచో అది ప్రాణమును త్వరపెట్టదు. మొదటి కొలది దినములు మగతయు వికారమును ఉండవచ్చును. మలబద్ధకము మాత్రము తప్పక వచ్చును గనుక దానికి విరేచనౌషధము గూడ మొదటినుండియే చేర్చవలెను.

మఱి ఇంత తెలిసిన మందు రోగికి ఏల అందలేదు? ఇచట మన దేశపు చరిత్ర విచిత్రమైనది. మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వపు అనుమతితో నల్లమందు పండించుచున్నారు. నీమచ్, ఘాజీపురములలో ప్రభుత్వ కర్మాగారములు గలవు. అయినను 1985లో మాదకద్రవ్యముల చట్టము వచ్చిన పిమ్మట మార్ఫిను నిలువజేయుటకు పలు శాఖలనుండి అనుమతులు కావలసివచ్చెను. లెక్కలో పొరపాటు వచ్చినచో శిక్ష పదేండ్ల కారాగారము. ఆ భయమున ఆసుపత్రులును మందుల దుకాణములును ఆ మందునే మానుకొనిరి. దొంగలను పట్టుటకు వేసిన వలలో రోగులు చిక్కిరి. పొలములో పంట పండుచుండగా ఇంటిలో పస్తుండినట్లయ్యెను. 2014లో పార్లమెంటు ఆ చట్టమును సవరించి, అత్యవసర మాదకౌషధములకు దేశమంతటను ఒకే విధమైన నియమము నేర్పరచెను. గుర్తింపుపొందిన వైద్యసంస్థకు ఒక్క అనుమతి చాలును. చట్టము మాఱినంత వేగముగా అలవాటు మాఱదు. మార్ఫిను ఉంచవచ్చునని తెలియని ఆసుపత్రులు, అడుగవచ్చునని తెలియని కుటుంబములు నేటికిని గలవు.

నొప్పి యనునది శరీరమునకు మాత్రమే చెందినది కాదు. ఇంగ్లండులో సిసిలీ సాండర్స్ అను స్త్రీ మొదట నర్సుగా పనిచేసి, పిదప వైద్యవిద్య నభ్యసించి, 1967లో లండను నగరమున సెయింట్ క్రిస్టఫర్స్ అను ఆశ్రయాలయమును స్థాపించెను. అవసానరోగి బాధ నాలుగు విధములనియు, శరీరబాధతోపాటు మనోవ్యథ, కుటుంబచింత, ఆత్మకు సంబంధించిన వేదన కూడ నుండుననియు ఆమె బోధించెను. కూతురి పెండ్లి కాలేదను దిగులు, తీరని అప్పు, మాటలు మానుకొన్న తమ్ముడు, ఇవి మందుబిళ్ళకు లొంగునవి కావు. మన దేశమున 1986లో బొంబాయి నగరమున శాంతి అవేదన ఆశ్రమము ఇట్టి సేవకు మొదలు పెట్టినది.

1993లో కేరళలోని కోజికోడు వైద్యకళాశాలను ఆశ్రయించి డాక్టరు రాజగోపాల్, డాక్టరు సురేష్‌కుమార్ ప్రభృతులు ఉపశమన చికిత్సా సంఘమును నెలకొల్పిరి. అక్కడ జరిగిన విశేష మేమనగా, ఈ పని వైద్యుల చేతినుండి క్రమముగా ఊరివారి చేతికి వచ్చినది. ఉపాధ్యాయులు, దుకాణదారులు, విద్యార్థులు, కూలివారు కొద్దిపాటి శిక్షణపొంది వారమున కొన్ని గంటలు రోగుల యిండ్లకు పోయి పుండ్లు కడుగుటయు, మాత్రలు సరిగా వేసికొనుచున్నారో లేదో చూచుటయు, ఆకలిగొన్న ఇంటికి బియ్యము చేర్చుటయు తమ పనిగా పెట్టుకొనిరి. చిన్న చిన్న చందాలే పెట్టుబడి. 2008లో ఆ రాష్ట్రప్రభుత్వము ఉపశమన సేవకై ప్రత్యేక విధానమును ప్రకటించి, గ్రామపంచాయతీలను అందు భాగస్థులను చేసెను. తెలుగునాట హైదరాబాదులోని మెహిదీ నవాజ్ జంగ్ కాన్సరు సంస్థలో ఇట్టి విభాగము పనిచేయుచున్నది. అయినను ఊరూర వ్యాపించిన పని యిక్కడ ఇంకను జరుగవలసియే యున్నది.

బాధ తగ్గించుటకు ఇచ్చు మందువలన ఒకవేళ ఆయువు కొంత తగ్గినచో అది హత్య యగునా యను శంక పండితులను చిరకాలము బాధించినది. 1957లో ఇంగ్లండున ఒక వైద్యునిపై జరిగిన హత్యాభియోగమున న్యాయమూర్తి డెవ్లిన్ జూరీకి చెప్పిన దేమనగా: నయముచేయుట సాధ్యము కానపుడు నొప్పి తగ్గించుటకు తగిన ఉపాయములన్నియు చేయుటకు వైద్యునకు హక్కు గలదు, అందువలన ఆయువు కొంత తగ్గినను సరే. అదే సంవత్సరమున రోమునగరమున పన్నెండవ పయస్ పోపు వైద్యులతో ప్రసంగించుచు, ఉద్దేశము బాధానివారణయే యైనచో అట్టి మందు ఈయవచ్చునని చెప్పెను. ఉద్దేశము, మోతాదు, ఈ రెండును ఇచట సాక్షులు. నొప్పికి చాలినంత ఇచ్చినవాడు వైద్యుడు. నొప్పికి చాలినదాని కంటె పదిరెట్లు ఇచ్చి “నొప్పికే యిచ్చితి” ననువాని మాటను మోతాదే ఖండించును.

రెండవ పద్దు, నిష్ప్రయోజనమైన చికిత్సను నిలుపుట. యంత్రములచే ఊపిరి నిలుపగల నేర్పు ఇటీవలి కాలమున వచ్చినది. పాముకాటు తిన్నవానికి, నీటమునిగినవానికి, గుండె తాత్కాలికముగా తప్పినవానికి వెంటిలేటరు ప్రాణదాత. కాని వ్యాధి అవయవములన్నిటిని తినివేసిన పిమ్మట అదే యంత్రము ప్రాణమును నిలుపదు; మరణమును సాగదీయును. తండ్రి చేతులు మంచమునకు కట్టబడి, గొంతులో గొట్టముతో, తన వారెవ్వరును లేని గదిలో, తెల్లదీపముల క్రింద పండుకొని యుండును. బయట కొడుకులు రెండెకరములు అమ్ముటకు బేరము కుదుర్చుచుందురు. అమ్మకున్న లోకము నిందించునని వారి భయము. తండ్రికి మేలు జరుగుచున్నదా యని ఎవ్వరును ఎవ్వరిని అడుగరు. ఇది పితృభక్తి కాదు, లోకభీతి.

ఈ విషయమున మన న్యాయస్థానములు నడచిన దారి తెలిసికొనదగినది. ఆత్మహత్యాప్రయత్నమును శిక్షించు సెక్షనును 1986లో బొంబాయి హైకోర్టు చెల్లదనెను. దాదాపు అదే కాలమున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది చెల్లుననెను. 1994లో సుప్రీముకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనము చెల్లదనగా, 1996లో జ్ఞాన్ కౌర్ వ్యాజ్యమున అయిదుగురు న్యాయమూర్తులు దానిని త్రోసిపుచ్చి, జీవించు హక్కులో చచ్చు హక్కు చేరదనిరి. అయితే సహజమరణము సమీపించినవాడు గౌరవముతో కన్నుమూయుట జీవితగౌరవములోని భాగమే యని గూడ సూచించిరి. 2004లో హైదరాబాదున కండరములు క్షీణించు వ్యాధితో మంచముపట్టిన ఒక యువకుడు, తన అవయవములు చెడకముందే దానము చేయుటకై మరణింప ననుమతి కోరెను. తల్లి హైకోర్టు నాశ్రయించెను. చట్టము ఒప్పదని కోర్టు నిరాకరించెను; ఆ సంవత్సరముననే అతడు మరణించెను. అతని కోరిక దొడ్డది. చట్టపు జంకును కారణము లేనిది కాదు. ఇట్టిచోట్ల రెండువైపుల ధర్మము నిలిచియుండుటయే ఈ ప్రశ్నలోని కష్టము.

1973లో ముంబాయి కె.ఇ.ఎమ్. ఆసుపత్రి నర్సు అరుణా షాన్‌బాగ్ దారుణమైన దౌర్జన్యమునకు గురియై మెదడు దెబ్బతిని తెలివి కోల్పోయెను. ఆమెకు ఆహారము నిలిపి విముక్తి కలిగింపవలెనని వచ్చిన వినతిని 2011లో సుప్రీముకోర్టు త్రోసివేసెను. కారణము వినదగినది: ఆ ఆసుపత్రి నర్సులు ఆమెను తమ తోబుట్టువువలె సాకుచుండిరి, ఆమె బ్రతికియుండవలెనని కోరిరి. అట్లు నలువదియొక్క సంవత్సరములకు పైగా సేవ జరిగిన పిమ్మట 2015లో ఆమె కాలధర్మము నొందెను. ఆ తీర్పుననే, తగిన సందర్భమున హైకోర్టు అనుమతితో చికిత్సను నిలుపవచ్చునని గూడ కోర్టు చెప్పెను. ఒకే కథలో ఎడతెగని సేవకు గౌరవమును, నిష్ఫలచికిత్సకు విరామమును రెండును కనబడుచున్నవి.

2018 మార్చి 9వ తేదీన సుప్రీముకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, గౌరవముతో మరణించుట రాజ్యాంగపు 21వ అధికరణము క్రింది హక్కులో భాగమని తీర్పుచెప్పి, ప్రతి వయోజనుడును ముందుగానే చికిత్సానిర్దేశ పత్రము వ్రాసికొనవచ్చుననెను. దీనినే లివింగ్ విల్ అందురు. ఆనాటి నియమములు మిక్కిలి చిక్కులతో నుండుటచే 2023 జనవరిలో అదే న్యాయస్థానము వానిని సడలించెను. నేటి పద్ధతి యిది. స్వస్థచిత్తుడైన వయోజనుడు తన యిష్టముతో వ్రాయవలెను. ఇద్దరు సాక్షుల యెదుట సంతకము చేసి, నోటరీచేగాని గెజిటెడ్ అధికారిచేగాని ధ్రువపరచుకొనవలెను. తనకు మాట పడిపోయినపుడు తన తరపున మాటలాడవలసిన బంధువు పేరు వ్రాయవలెను. ఎప్పుడు మనసు మాఱినను వ్రాతపూర్వకముగా రద్దుచేసికొనవచ్చును.

ఆ పత్రము వ్రాసినంతమాత్రమున ఎవ్వరును చికిత్స నిలుపరు. రోగము నయముకాదని, రోగి తాను నిర్ణయించుకొనలేని స్థితిలో నున్నాడని తేలినపుడే అది అమలునకు వచ్చును. చికిత్స చేయు వైద్యుడు, అనుభవజ్ఞులైన మఱి యిద్దరు నిపుణులు కలిసిన ప్రథమమండలి మొదట చూచును. జిల్లా వైద్యాధికారి నియమించిన వైద్యుడు గల రెండవమండలి తిరిగి పరీక్షించును. అభిప్రాయము 48 గంటలలో చెప్పుట మేలు. అమలుకు ముందు మేజిస్ట్రేటునకు తెలుపవలెను. మండలి ఒప్పనిచో హైకోర్టు గలదు. పత్రము లేని రోగి విషయమున కుటుంబపు సమ్మతితో ఇదే క్రమము జరుగును. పొలమునకు వీలునామా వ్రాయుటకు వెనుదీయని రైతు, తన యొడలికి వ్రాయుటకు ఏల వెనుదీయవలెను? పొలము పంచుకొను కొడుకులు తగవులాడినను భూమికి నొప్పి తెలియదు, దేహమునకు తెలియును.

మూడవ పద్దే అన్నిటికంటె కఠినమైనది. రోగి కోరికపై ప్రాణము పోవు మందిచ్చుట మన దేశమున నేరము. 2024 జూలైనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలో ఆత్మహత్యకు యత్నించినవానిని శిక్షించు పాత సెక్షను లేదు. కాని ప్రేరేపించువానికి, తోడ్పడువానికి శిక్ష నిలిచియే యున్నది. కొన్ని దేశములు వేఱుత్రోవ ద్రొక్కినవి. స్విట్జర్లండున 1942 నుండి అమలులోనున్న శిక్షాస్మృతి, స్వార్థబుద్ధితో తోడ్పడినవానిని మాత్రమే దండించును. అమెరికాలోని ఓరిగన్ రాష్ట్రమున 1994లో ప్రజలు ఓటువేసి, 1997 నుండి అమలుచేసిరి; ఆరునెలలలోపుగా మరణింపగల రోగి తానే పుచ్చుకొనుటకు వైద్యుడు మందు వ్రాయవచ్చును. హాలండు, బెల్జియములు 2002లోను, కెనడా 2016లోను నియమములతో అనుమతించినవి.

వారి వాదమును తేలికగా త్రోసివేయరాదు. జీవితమంతయు తన నిర్ణయములు తాను చేసికొన్నవానికి చివరి నిర్ణయము మాత్రము పరుల చేతిలో నుండుట యేల యని వారడుగుదురు. ఎంత మందిచ్చినను తీరని యాతనలు కొన్ని గలవనుటయు నిజమే. మన దేశముననే 1928లో సబర్మతీ ఆశ్రమమున ఒక దూడ మానని వ్యాధితో ప్రక్కకు తిరుగుటకైన వీలులేక యాతన పడుచుండగా, గాంధీమహాత్ముడు వైద్యునిచే సూదిమందు ఇప్పించి దాని ప్రాణము పోవునట్లు చేసెను. అహింసావాదులు పలువురు మండిపడిరి. ఆయన వెనుదీయక, యాతనపడు జీవికి వేఱుపాయము లేనపుడు ప్రాణవిముక్తి కలిగించుటయు అహింసయే కావచ్చునని సమాధానము వ్రాసెను. అయితే మనుష్యుల విషయమున సాధారణముగా అట్లు చేయకుండుటకు రెండు కారణములు చెప్పెను: వారికి సేవచేయుటకు మనయొద్ద ఏదో యొక సాధనము ఉండనే యుండును, వారు తమకై తామాలోచించి నిర్ణయించుకొనగలరు.

ఆ రెండు కారణములను మన గ్రామముల స్థితికి అన్వయించి చూడవలెను. సాధన ముండును అని మహాత్ముడు తలచెను. ఆ సాధనమును రోగి చేతికి అందించితిమా? మార్ఫిను మాత్ర దొరకని యూర చావు కోరువాడు చావును కోరుచున్నాడో, నిద్రను కోరుచున్నాడో ఎట్లు తేలును? ఇక నిర్ణయము. ఓరిగన్ లెక్కలలో అట్టి మందు కోరినవారు ఎక్కువగా చెప్పు కారణము నొప్పి కాదు. తన పనులు తాను చేసికొనలేకపోవుట, గౌరవము పోయినదను చింత. అనగా నొప్పి తీర్చుటతోనే ప్రశ్న ముగియదని ఒప్పుకొనవలెను. కాని గౌరవము పోయినదను చింత చుట్టునున్నవారి ముఖములలో పుట్టును. “ఇంకను ఎన్నాళ్ళో!” అను కోడలి నిట్టూర్పు, వైద్యపు ఖర్చు వినబడునట్లు లెక్కించు కొడుకు గొంతు, ఇవి విన్న ముదుసలి “నన్ను పంపివేయండి” అన్నచో అది స్వతంత్రమైన కోరిక యగునా? పింఛను తప్ప ఆధారములేని వృద్ధులు, ఆస్తికై కాచుకొన్న వారసులు గల దేశమున, చచ్చు హక్కు త్వరలోనే చచ్చు బాధ్యతగా మాఱవచ్చును.

కావున న్యాయమైన క్రమము ఇట్లుండదగును. నొప్పి తగ్గించుట ఋణము; అది తప్పక తీర్పవలసినది. నిష్ఫలచికిత్స నిలుపుట రోగి హక్కు, దానిని మన్నింపవలసినది. ప్రాణము తీయుటకు తోడ్పడుటను గూర్చి, మొదటి రెండు పద్దులు చెల్లుబెట్టని సమాజమునకు తీర్పుచెప్పు అర్హత ఇంకను రాలేదు. ఏ మందుకును లొంగని బాధకు, మరణసమీపమున, రోగి సమ్మతితో మగత కలిగించి నిదురపుచ్చు పద్ధతిని వైద్యులు ఎఱుగుదురు. అంతవఱకు పోవచ్చును. ఋణము తీర్పకుండ, ఋణదాత చచ్చుటకు సాయపడుదుమనుట ధర్మము కాదు.

ఇక ఇంటివారు చేయదగినవి కొన్ని గలవు. మొదటిది సత్యము. మన యిండ్లలో రోగము పేరు రోగికి తప్ప ఊరందఱికి తెలియును. ప్రేమచేతనే దాతురు గాని, దాచుటవలన అతడు ఒంటరివా డగుచున్నాడు. తనకు తెలియునని అతడు చెప్పడు, తెలియకూడదని వీరు చెప్పరు, రెండువైపుల నటన. అతనికి అప్పులు చెప్పవలసి యుండును, క్షమాపణ వేడవలసిన వారుందురు, ఒకసారి చూడవలెనను చెఱువుగట్టు ఉండును. అడిగినంత, తాళగలిగినంత, మృదువుగా చెప్పవలెను. “నీకేమి తెలిసికొనవలెనని యున్నది?” అని అడుగుటతో మొదలుపెట్టవచ్చును.

రెండవది సేవలోని వివరములు. కదలలేని రోగిని రెండేసి గంటలకు ప్రక్క మార్చినచో పుండ్లు పడవు. నోరెండినపుడు తడిగుడ్డతో పెదవులు తడుపవలెను. చివరి దినములలో ఆకలి తానే చచ్చును. బలవంతముగా గంజి పోయుట గొంతు కడ్డుపడి ప్రమాదము. ఆయాసపడువానికి కిటికీ తెఱచి, ముఖముపై విసనకఱ్ఱ విసరుట గూడ ఔషధమే. కుళ్ళిన పుండు వాసనకు మెట్రోనిడజోల్ మాత్ర పొడిచేసి చల్లు పద్ధతిని ఉపశమన నర్సులు నేర్పుదురు, వైద్యునడిగి చేయవలెను. వాసనకు వెఱచి గుమ్మముకడనే నిలిచిన బంధువు లోపలికి వచ్చి మంచముప్రక్క కూర్చుండుట ఆ మాత్రవిలువ.

మూడవది ఈ గ్రంథాలయము చేయగల పని. ఇరువదియైదేండ్లు ఊరికి అక్షరము పంచిన సంస్థ, చికిత్సానిర్దేశ పత్రపు తెలుగు నమూనా నొకటి న్యాయవాదిచే వ్రాయించి బల్లపై నుంచవచ్చును. మార్ఫిను దొరకు సమీపపు ఆసుపత్రి పేరును, ఉపశమన కేంద్రపు చిరునామాను కనుగొని గోడకు అంటింపవచ్చును. మంచమెక్కిన పాఠకుని యింటికి పుస్తకము పంపి, చదువలేనివానికి చదివి వినిపింపగల యువకులను నలుగురిని ఏర్పరుపవచ్చును. కేరళవారు మొదలుపెట్టినదియు ఇంతకంటె పెద్దపని కాదు. సభ ముగిసిన పిమ్మట పేర్లిచ్చుటకు ముందుకు వచ్చువారికై గ్రంథపాలకుని బల్లపై ఒక పుస్తక ముంచబడినది. మొదటి పుట ఇంకను ఖాళీగా నున్నది.

స్వస్తి.